పొలిమేర మూసిన రోజు

మా బస్సును చూసి నవ్వని బంధువు లేడు. ఒకప్పుడు అది బడిపిల్లల్ని తిప్పిన చిన్న బస్సు. సీట్లు పీకించి, వెనక మంచం, మధ్యలో గ్యాసు పొయ్యి, కప్పు మీద నీళ్ల ట్యాంకు, ఓ మూలన మనిషి నిలబడితే మోచేతులు గోడలకు కొట్టుకునే స్నానాల గది పెట్టించుకున్నాం. రిటైరయ్యాక దేశమంతా తిరుగుతామని కనిపించిన ప్రతివాడికీ చెప్పాం. ఒక చలికాలం రాజస్థాన్ ఎడారిలో, ఇంకో చలికాలం కచ్ ఉప్పునేలలో ఉండాలని నా భార్య కోరిక. బస్సు లోపలి గోడకు దేశపటం కూడా అంటించింది. చివరికి మా బస్సు వెళ్లగలిగిన దూరం కూకట్‌పల్లి నుంచి శంషాబాద్ దాకా.

"ఎడారి ఎంతవరకొచ్చిందక్కా?" అని ఆమె తమ్ముడు ఫోన్లో ఏడిపించేవాడు.

"పాల్మాకుల దాకా వచ్చిందిరా. ఇసుక తక్కువ, విమానాలు ఎక్కువ" అనేది ఆమె.

ప్రయాణం కట్టుకున్న ఏడాదే ఆమె ఊపిరితిత్తులు గట్టిపడుతున్నాయని తేలింది. పేరు పొడుగ్గా ఉండే జబ్బు. దానికి మందు లేదని డాక్టరు చెప్పాడు. దాన్ని నెమ్మది చేసే బిళ్లలున్నాయి, పక్కన పెట్టుకునే ఆక్సిజన్ మిషన్ ఉంది, అంతే. దుమ్ముకు దూరంగా ఉండమన్నాడు. కూకట్‌పల్లిలో మా పక్క అపార్ట్‌మెంటును కూలగొడుతున్నారు. కిటికీలు మూస్తే గాలి లేదు, తీస్తే సిమెంటు. మాకు పిల్లలు లేరు. వద్దనుకున్నది మేమే. కాబట్టి ఎవరినీ అడగాల్సిన పనీ లేదు. బస్సు తీశాం. మొదట హిమాయత్ సాగర్ కట్ట పక్కన ఆపితే అక్కడ ఉండకూడదన్నారు. బెంగుళూరు రోడ్డు పట్టుకుని ముందుకు పోతుంటే దారి పక్కన గొడుగు కింద జామకాయలు అమ్ముతున్న ఒకావిడ కనిపించింది. నా భార్య బస్సు ఆపించి, కాయలు కొని, ఆమె తోటలో బస్సు పెట్టుకోవచ్చా అని అడిగింది.

"ఒక్క దినమా, రెండు దినాలా మేడం?"

"చలికాలమంతా."

"అవ్వో! మరి సామానేది?"

"నేను దిగొచ్చిన బస్సే సామాను."

ఆవిడ బస్సెక్కి, పొయ్యి చూసి, మంచం నొక్కి చూసి, స్నానాల గది తలుపు తీసి పగలబడి నవ్వింది. "గిండ్ల సబ్బు కింద పడితె ఎట్ల ఏరుకుంటవక్కా?" అప్పటికే మేడం పోయి అక్క అయింది. అలా మేం ఆ ఊళ్లో పడ్డాం. పాల్మాకుల దాటి లోపలికి పోతే వచ్చే చిన్న ఊరు. పేరెందుకు, అలాంటి ఊళ్లు అక్కడ చాలా ఉన్నాయి. కొంత భూమి విమానాశ్రయం కింద పోయింది, కొంత ప్లాట్లయింది, మిగిలిన దానిలో ఈ జామతోట ఒకటి.

ఆవిడ భర్త, తోట యజమాని, మాటలు తక్కువ మనిషి. బోరు పక్కన చిన్న గది కట్టుకుని మీటరు పెట్టించుకున్నాడు. అక్కడి నుంచి బస్సుకు వైరు లాగి ఇచ్చాడు. దాని మీదే నా భార్య ఆక్సిజన్ మిషన్ నడిచేది. మిషన్ రోజంతా ఒకే శ్రుతిలో మూలుగుతూ ఉండేది. దాని పైనుంచి విమానాల మోత. ఆ చుట్టుపక్కల మనుషులకు ఒక అలవాటుంది: విమానం నెత్తి మీదకు రాగానే మాట మధ్యలో ఆగిపోతారు. పోయాక సరిగ్గా ఆపిన చోటే అందుకుంటారు. తిట్లయినా అంతే. మొదట్లో నాకు నవ్వొచ్చేది, తర్వాత నేనూ అలాగే ఆగడం నేర్చుకున్నాను.

మధ్యాహ్నం కాయలు కోసిన ఆడవాళ్లు బస్సు నీడన కూర్చునేవారు. నా భార్య దగ్గర వేలికి తగిలించుకుని రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూసుకునే చిన్న మిషన్ ఉండేది. అది వాళ్లందరికీ ఆటవస్తువైపోయింది. వరసగా వేళ్లు చాపేవారు. "నాకెంతొచ్చింది అక్కా? దీనికెంతొచ్చింది? అగో, మా తోటికోడలికి నా కన్నా తక్కువొచ్చింది, సూడున్రి!" ఫిజిక్సు టీచరుగా పనిచేసిన మనిషి, ఊరుకుంటుందా? రక్తం రంగు గురించి, వెలుతురు వేలి గుండా ఎలా పోతుందో, అన్నీ చెప్పేది. మధ్యమధ్య ఊపిరి కోసం ఆగేది. వాళ్లూ ఆగేవారు, విమానానికి ఆగినట్టే. ఏ ఆస్పత్రి గదిలోనూ ఎవరూ ఆమెతో అంత సహజంగా ఉండటం నేను చూడలేదు. ఆమెకు ఇంకెన్ని చలికాలాలున్నాయో మాకు తెలియదు. ఉన్నవి అక్కడే గడపాలని ఆమె అనుకుంది. నేను అనుకున్నదీ అదే.

మాఘమాసంలో బొడ్రాయి సంగతి మొదలైంది.

బొడ్రాయి అంటే ఊరు కట్టినప్పుడు ఊరి నడుమ పాతే రాయి. ఊరికి బొడ్డు లాంటిదట. ఆ ఊరి పాత రాయిని రోడ్డు వెడల్పు చేసేటప్పుడు మిషన్లతో పెకలించి ఎక్కడో పారేశారు. ఆ తర్వాత జరిగిన ప్రతి చెడుకీ ఊరు ఆ రాయి లేకపోవడమే కారణమని తేల్చింది. హైవే మీద లారీ గుద్ది మనిషి పోతే రాయి లేక. అన్నదమ్ములు ప్లాట్ల కోసం కొట్టుకుంటే రాయి లేక. బోరులో నీళ్లు దిగితే రాయి లేక. నేను జీవితమంతా ఇలాంటి తర్కం మీద మాట్లాడినవాణ్ణి, రాసినవాణ్ణి. లారీ గుద్దింది దారి దాటడానికి చోటు వదలకుండా రోడ్డు వేసినందుకు. అన్నదమ్ములు కొట్టుకున్నది భూమి ధర తలకెక్కినందుకు. నీళ్లు దిగింది చుట్టుపక్కల వందల బోర్లు తోడేసినందుకు. ఈ మూడింటికీ బాధ్యులు మనుషులు, వాళ్లకు పేర్లున్నాయి, వాళ్లను నిలదీయవచ్చు. రాయిని ముందు పెడితే అందరూ తప్పించుకుంటారు. మూఢనమ్మకం మీద నా కోపం దేవుడి గురించి కాదు. అసలు దోషిని దాచిపెట్టే పని అది చేస్తుంది, అందుకు.

కొత్త రాయి నిలబెట్టడానికి ఊరు ముహూర్తం పెట్టుకుంది. ఆ రోజు పొద్దు పొడిచినప్పటి నుంచి పొద్దు గూకేదాకా పొలిమేర మూస్తారు. బయటివాళ్లు లోపలికి రాకూడదు, లోపలివాళ్లు గడప దాటినా పొలిమేర దాటకూడదు. దాటితే కట్టు తెగిపోతుంది, రాయికి బలముండదు. ప్రతి ఇంటి నుంచీ ఒక ఆడమనిషి బిందెతో నీళ్లు తెచ్చి రాయి మీద పోయాలి.

ఒక సాయంత్రం ఊరి పెద్దమనిషి ఒకాయన ఇంకో నలుగురితో తోటకొచ్చాడు. తోట యజమాని వాళ్ల వెనకాల నిలబడ్డాడు, తన తోటలోనే పరాయివాడిలా. నేను కుర్చీలు వేశాను. పెద్దమనిషి కూర్చోలేదు.

"సార్, ఒక్క మాట అడుగుత. గుస్స చెయ్యద్దు. గిది ఇల్లా, బండా?"

"ఎందుకు?"

"ఇల్లైతే ఇంటికో బిందె నీళ్లు. అమ్మ నెత్తి మీద వెట్టుకొని వచ్చి బొడ్రాయి మీద పొయ్యాలె. బండైతే ఒక దినం ముందుగాల్నే పొలిమేర దాటియ్యాలె. నడ్మల ఉంటనంటె కుదరది."

"చట్టప్రకారం బండి. నంబరు ప్లేటు ఉంది."

"పొయ్యి గూడ ఉంది గద సార్. మా దిక్కు పొయ్యి ఉన్నది ఇల్లే."

"రెండూ కాదంటే?"

"రెండూ కానిది గీ దునియాల ఏముంటది? సదువుకున్నోళ్లు, మీరే జెప్పున్రి."

నేను వాదాలు చేసి బతికిన మనిషిని. వేదికల మీద స్వాములను, జ్యోతిష్కులను ఎదురుగా కూర్చోబెట్టి అడిగినవాణ్ణి. అంత బిగువైన ప్రశ్న నాకు ఏ స్వామీ వేయలేదు. అయినా ఊరుకోలేదు. అప్పుడే ఒక విమానం దిగుతూ నెత్తి మీదకొచ్చింది. అందరం ఆగాం. అది పోయాక పైకి చూపించాను.

"మీరు పొలిమేర మూసిన రోజు వీటి సంగతేమిటి? పొద్దున్నుంచి సాయంత్రం దాకా వందల మంది మీ ఊరు దాటుతూనే ఉంటారు కదా?"

పెద్దమనిషి తడుముకోలేదు. "పైకెల్లి పోయేటోళ్లు మా భూమి తొక్కుతలేరు గద సార్."

"మరి గాలి?"

"గాలికెవ్వలు అడ్డం వెడ్తరు? మీరు వెడ్తరా?"

మంచం మీది నుంచి వింటున్న నా భార్య పకపకా నవ్వి దగ్గులో పడింది. నాకు రోషం వచ్చింది. దారి మూసే హక్కు ఎవరికీ లేదన్నాను. ఎవరి నమ్మకం వారిదే, దాని కోసం ఇంకొకరి కదలికను ఆపకూడదన్నాను. నేను ఫిర్యాదు చేస్తే ఏమవుతుందో కూడా చెప్పాను. వాళ్లు ఓపికగా విన్నారు.

"అయ్యో, మిమ్మల్ని ఎవ్వలు ఆపుతలేరు సార్" అన్నాడు పెద్దమనిషి. "మీరు ఈడనే ఉండున్రి. బిందె వద్దంటె వద్దు. ఎవ్వలు మిమ్మల్ని ముట్టరు. కని రేపు ఈ ఊర్ల ఎవ్వల బర్రె సచ్చినా, ఎవ్వల పిల్లకు జరమొచ్చినా, మీకు జాగ ఇచ్చిన వీని పేరే ఎత్తుతరు. గది నేను గూడ ఆపలేను."

తోట యజమాని వైపు చూశాను. అతను జామకొమ్మ ఒకటి వంచి, మళ్లీ వదిలేశాడు.

వాళ్లు వెళ్లిపోయారు. బెదిరింపు లేదు, దబాయింపు లేదు. భయం ఇలాగే పనిచేస్తుంది. నిన్ను అదిలించదు. నీకు అన్నం పెట్టినవాణ్ణి నీ పక్కన నిలబెట్టి, నీ ఇష్టం అంటుంది.

ఆ రాత్రి దాకా కూడా ఆగలేదు నేను. పొయ్యి మీద పాలు కాగుతుండగానే నా నిర్ణయం చెప్పేశాను. "ఆ బిందె నేను మోసేస్తాను."

"ఆడవాళ్లు మోయాలన్నారుగా" అంది నా భార్య.

"నీకు బాగాలేదు, నీ బదులు నేనొచ్చానంటాను. ఒప్పుకుంటారు. బస్సు కదిపితే వైరు పోతుంది. వైరు పోతే మిషన్ బ్యాటరీ మీద నడవాలి. ఆ బ్యాటరీని నమ్మలేం. ఒక్క బిందె నీళ్ల కోసం నీ ఊపిరితో పందెం కాయమంటావా? నీళ్లే కదా. రాయికేం తెలుస్తుంది?"

"రాయికి తెలియదు. నీకు తెలుస్తుంది. నాకు తెలుస్తుంది."

"నాకు ఫరవాలేదు."

"నాకుంది." కాస్త ఆగి, ముక్కు దగ్గర గొట్టం సర్దుకుంది. "మన పెళ్లి గుర్తుందా?"

ఎందుకు గుర్తుండదు. పురోహితుడు లేకుండా, తాళి లేకుండా, సభలో పదిమంది ముందు మాట ఇచ్చిపుచ్చుకున్న పెళ్లి. మెడలో పసుపుతాడు ఒక్కటి వేసుకోమని వాళ్లమ్మ బతిమాలింది. లోపలి గదిలో, ఎవరికీ కనపడకుండా, ఒక్క రోజు కోసం. ఈమె వేసుకోలేదు. ఆవిడ చాలా రోజులు అన్నం సరిగా తినలేదు.

"మా అమ్మ కోసం కట్టుకోలేదు" అంది నా భార్య. "ఆవిడ ఏడ్చింది. అయినా కట్టుకోలేదు. ఆవిడకివ్వనిది ఇవాళ ఈ రాయికిస్తానా? అప్పుడు మా అమ్మను ఎందుకేడిపించినట్టు?"

ఆవేశంగా ఉపన్యాసాలిచ్చే నేను భయపడి లొంగిపోతున్నాను, వెనక కూర్చుని వినే ఆమె లొంగడం లేదు. ఆమె ప్రాణం మీద భయం ఆమెకంటే నాకే ఎక్కువ. అలా ఉంటే సిద్ధాంతం గట్టిగా నిలబడటం కష్టం.

"ఇంకో సంగతి" అంది. ఊపిరి తీసుకుంది. "లోపలే ఉన్నామనుకో. నాకేదైనా అయిందనుకో. దారి తెరవమని నువ్వు వాళ్లను అడగాలి. తెరుస్తారు, వాళ్లు మంచివాళ్లు. తెరిచి ఏడాదంతా భయపడుతూ బతుకుతారు. నా వల్ల. అది నాకొద్దు. బయటుంటే ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు. స్టీరింగ్ నీ చేతిలో ఉంటుంది."

పాలు పొంగాయి. పొయ్యి కట్టేశాను.

ముహూర్తానికి ముందురోజు మధ్యాహ్నం బస్సు తీశాను. తోట చివర ఎండిపోయిన కాలువ ఉంది. ఆ ఊరి పొలిమేర అదే. దాని అవతల అంతా ప్లాట్లు చేసి అమ్మిన భూమి, ఎటు చూసినా రంగులు పూసిన హద్దురాళ్లు. అవి పాతినప్పుడు ఎవరూ బిందెలు తేలేదు, ఎవరూ గొడవా చేయలేదు. ఆ రాళ్ల మధ్య బస్సు నిలిపాను. తోట యజమాని వైరు చుట్ట భుజాన వేసుకుని కాలువ దాకా వచ్చాడు.

"పెద్దాయనను అడిగిన సార్. తీగ దాటొచ్చునా అని. చానసేపు ఆలోచన జేసి, 'తీగ మనిషి కాదు, పోనియ్యి' అన్నడు. కని గీతకు తాకద్దట."

కాలువ అంచున రెండు ఇటుకలు పేర్చి, రేపు సున్నపు గీత గీసేచోట నేలకు తగలకుండా వైరును వాటి మీది నుంచి పోనిచ్చాడు. నేను నవ్వలేదు. అంతకంటే మంచి పరిష్కారం నాకూ తోచలేదు. మిషన్ మళ్లీ మూలగడం మొదలుపెట్టింది.

తెల్లవారగానే డప్పులు మొదలయ్యాయి. కాలువ పొడవునా తెల్లటి గీత పడింది. వేపమండలు పట్టుకుని మనుషులు అక్కడక్కడా నిలబడ్డారు. బస్సు కిటికీలోంచి ఊరు దూరంగా కనిపిస్తోంది. పచ్చటి చీరలు, ఎండకు మెరిసే బిందెలు. నా భార్య తలగడ ఎత్తుగా పెట్టించుకుని చూస్తూ కూర్చుంది.

"బావుంది చూడటానికి" అంది.

"చూడటానికి అన్నీ బావుంటాయి" అన్నాను.

"నీతో సినిమాకెళ్లినా ఇదే గొడవ."

ఎండ నడినెత్తికొస్తుండగా మిషన్ కీచుమని అరిచింది. కరెంటు పోయింది. ఎందుకు పోయిందో తర్వాత తెలిసింది. ఊరేగింపులో ఎత్తైన ప్రభ బండి ఉంది, తీగలకు తగులుతుందని ఊరంతా కరెంటు ఆపించారు. ఆపించేవాళ్లకు మా సంగతి గుర్తులేదు. తోట యజమాని ఎక్కడో జనంలో ఉన్నాడు. మిషన్ బ్యాటరీ మీదకు మారింది. నేను ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. డప్పుల మధ్య ఎవరికి వినపడుతుంది?

బ్యాటరీ మేం అనుకున్నంతసేపు నిలబడలేదు. మిషన్ రెండోసారి అరిచి ఆగిపోయింది. అంతసేపూ వినీ వినీ వినడం మానేసిన మూలుగు ఒక్కసారిగా లేకపోయేసరికి బస్సు లోపల ఏదో ఖాళీ అయినట్టనిపించింది. చిన్న సిలిండర్ తెరిచి గొట్టం మార్చాను. అది అత్యవసరానికి పెట్టుకున్నది, ఆస్పత్రి చేరేదాకా సరిపోయేది, అంతే.

"కాసేపు చూద్దాం" అంది ఆమె. "కరెంటు వచ్చేస్తుంది."

"రాకపోతే?"

"వస్తుంది. ఇప్పుడు వెళ్తే మళ్లీ రానివ్వరు నన్ను."

ఊరివాళ్లు రానివ్వరని కాదు ఆమె అన్నది. డాక్టరు గురించి. వెళ్తే ఈ చలికాలం అక్కడితో అయిపోతుందని ఆమెకు తెలుసు. పెదవుల రంగు మారుతోంది. వేలి మిషన్ చూపించిన అంకెను ఆమెకు కనపడకుండా తిప్పాను. ఫిజిక్సు టీచరు, ఎందుకు తిప్పానో అర్థమైపోయింది. కళ్లు మూసుకుని, పొమ్మన్నట్టు చెయ్యి ఊపింది.

కిందికి దిగి వైరు పీకి నేల మీద పడేశాను. బస్సు స్టార్ట్ చేశాను. ఆ చప్పుడుకు అటువైపు జామచెట్ల మధ్య నుంచి తోటావిడ పరుగెత్తుకుంటూ వచ్చింది. చీర తడిసి ఉంది, నీళ్లు పోసి వస్తున్నట్టుంది. కాలువ దగ్గరకొచ్చి, గీత ముందు ఆగిపోయింది.

"ఏమైంది సారూ? ఏడికి?"

"కరెంటు పోయింది. మిషన్ ఆగిపోయింది."

ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకుంది. గీతను చూసింది. వేపమండల మనుషులు ఆమెనే చూస్తున్నారు. ఆమె కాలివేళ్లు సున్నానికి ఆనుకుని ఉన్నాయి, ఆ వేళ్లు ముందుకు ఒరిగాయి, మడమ లేచింది, మళ్లీ దిగింది. భయం గురించి ఎన్నో పేజీలు రాశాను. దాన్ని ఒక మనిషి పాదాల్లో అంత దగ్గరగా చూడటం అదే మొదలు.

"పోన్రి సారూ! జల్ది పోన్రి! అక్కా, పైలం!"

నాకు ఒళ్లు మండిపోయింది. ఒక్క అడుగు వేయలేదా అనుకున్నాను. బస్సు రోడ్డెక్కేదాకా అదే మాట నమిలాను. సర్వీసు రోడ్డు మీదకొచ్చాక ఆలోచన తెలివికొచ్చింది. ఆమె అడుగు వేస్తే ఏమయ్యేది? ఆమె దగ్గర ఆక్సిజన్ లేదు, కరెంటు లేదు. వచ్చి బస్సు పక్కన ఏడ్చేది. ఆ క్షణంలో నేను ఆమె నుంచి కోరుకున్నది సాయం కాదు. ఒకరు గీత దాటడం చూడాలనుకున్నాను, అంతే. నా భార్య వెనక ఊపిరి కోసం పెనుగులాడుతుంటే నేను ముందు సీట్లో కూర్చుని వాదం గెలవాలనుకున్నాను. అద్దంలో వెనక్కి చూశాను. ఆమె కిటికీ వైపు తిరిగి చెయ్యి ఎత్తి ఉంచింది, తోటావిడ కనపడకుండా పోయి చాలాసేపైనా.

ఆస్పత్రి చేరేసరికి సిలిండర్ ముల్లు అడుగున ఉంది. లోపలికి తీసుకెళ్లారు. ముఖానికి బిగించే పెద్ద మాస్కు పెట్టారు. ఆమెను మళ్లీ నాకు చూపించేసరికి చీకటి పడింది. బతికింది. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఇకపై పెద్ద మిషన్, కరెంటు పోతే వెంటనే అందుకునే ఏర్పాటు ఉన్న చోటే ఉంచాలన్నాడు. బస్సుల్లో, తోటల్లో కాదు.

ఆ తర్వాతి రోజు తోట యజమాని ఫోన్ చేశాడు. మాట కూడబలుక్కుని చెప్పాడు. ఊళ్లో అంటున్నారట, బిందె పోయనివాళ్లకు ఎట్లయిందో చూశారా అని. కొత్త రాయికి అప్పుడే మహిమ వచ్చిందట. నా భార్య ఊపిరి ఆగబోవడం వాళ్లకు సాక్ష్యమైంది. ఫోన్ పెట్టేసి ఆస్పత్రి వరండాలో ఎంతసేపు నడిచానో నాకే తెలియదు. ఆమెకు చెప్పలేదు.

చెప్పక్కర్లేకపోయింది. మూడో రోజు పొద్దున అతనూ భార్యా ఇద్దరూ వచ్చారు. అతను తలుపు దగ్గరే నిలబడిపోయాడు. ఆవిడ మంచం పక్కకొచ్చి, నా భార్య చెయ్యి పట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. మాస్కు తీసి మామూలు గొట్టం పెట్టారు అప్పటికి, చిన్నగా మాట్లాడగలుగుతోంది.

"ఎందుకే ఏడుస్తావు? ఉన్నాగా."

"అక్కా, నేనొక పని జేసిన. నీకు జెప్పలె. నీ పేరు మీద గూడ ఒక బిందె పోసిన. నాదొకటి, నీదొకటి. మీ బస్సు మా తోటల ఉండె గద, మా ఇంటి లెక్కనే అనుకున్న. మరి పోసినంక గూడ ఎందుకిట్లయింది? అడ్గకుంట పోసిన అని కోపమొచ్చిందా దేవునికి? నా వల్లనే అయిందా అక్కా?"

నేను నోరు తెరిచాను. నా దగ్గర చాలా మాటలున్నాయి. పోయనందుకు అయిందని ఊరు, పోసినందుకు అయిందని ఈమె. ఇంతకంటే నిరూపణ ఏం కావాలి? ఊరంతటినీ పిలిచి ఈ మంచం పక్కన నిలబెట్టి అడగాలనిపించింది. నా భార్య నా వైపు చూసింది. నేను పక్కకు జరిగాను.

"ఇటు చూడు" అంది ఆవిడతో. ఒక్కో మాటకూ ఆగుతూ చెప్పింది. "కరెంటు పోయింది. బ్యాటరీ పాతది. మిషన్ ఆగింది. అంతే."

"గంతేనా?"

"అంతే."

"నేను పోసింది దేనికి తాకలేదా?"

"దేనికీ తాకలేదు. నీ తప్పు లేదు. ఎవరి కోపమూ లేదు. ఒక స్విచ్చు ఆపారు, మా సంగతి మర్చిపోయారు."

ఆవిడ ముఖంలో ఏం జరిగిందో నేను జాగ్రత్తగా చూశాను. ఆమె నమ్మకం పోలేదు. ఆ మధ్యాహ్నం కూడా ఆవిడ ఇంటికెళ్లి రాయికి దణ్ణం పెట్టి ఉంటుంది. కానీ భుజాలు కిందికి దిగాయి. మూడు రోజులుగా మోసిన బరువు ఒకటి దించుకుంది. కార్యకారణ సంబంధం అని నేను వేదికల మీద గొంతు చించుకుని చెప్పేదాన్ని ఒకరికి మందులా ఇవ్వవచ్చని నాకు ఎవరూ చెప్పలేదు.

"కానీ నన్నడగకుండా నా పేరు వాడావు" అంది నా భార్య. "దానికి మాత్రం కోపం ఉంది."

"తిట్టు అక్కా."

"ఊపిరొచ్చాక తిడతా. ఇప్పుడు తిడితే సగమే వస్తుంది."

ఆవిడ ఏడుపు మధ్యలోనే నవ్వేసింది. తలుపు దగ్గర అతను కూడా నవ్వి, వెంటనే తల దించుకున్నాడు. "నాకు యాదికి రాలే సార్" అన్నాడు నాతో, నెమ్మదిగా. "కరెంటు బంద్ జేస్తరని తెల్సు. మీ మిషన్ సంగతి యాదికి రాలే. డప్పుల్ల మర్సిపోయిన." ఆ ఊళ్లో ఆ మాట చెప్పిన మొదటి మనిషి అతనే. అసలు కారణాన్ని దాచకుండా తన మీద పెట్టుకుని చెప్పాడు. నేను అతని భుజం మీద చెయ్యి వేశాను. కోపం పూర్తిగా పోయిందని చెప్పలేను. పోలేదు. కానీ అది నిలబడటానికి అతని దగ్గర చోటు దొరకలేదు.

వెళ్లబోతూ ఆవిడ చీరకొంగు సర్దుకుంటుంటే నా భార్య మళ్లీ పిలిచింది.

"పొలిమేర తెరిచారా?"

"గా దినం పొద్దు గూకంగనే తెర్సిన్రు అక్కా."

"బస్సు నిలిపిన చోటు దున్నకండి. అలాగే ఉంచండి."

"దున్నం అక్కా. మీ జాగ గట్లనే ఉంటది. అచ్చే చలికాలం రావాలె నువ్వు."

"వస్తాను."

డాక్టరు చెప్పింది నాకు తెలుసు, నా భార్యకూ తెలుసు. తోటలో ఆ మూల కూడా ప్లాట్లకు పోయేదేనని, తోట యజమాని అప్పటికే మాట ఇచ్చేశాడని కూడా నాకు తెలుసు. అబద్ధమన్నది ఎక్కడ వినపడినా ఆగి సరిదిద్దే అలవాటు నాది, నా భార్యది నా కంటే ఎక్కువ. ఆమె ఆవిడ చెయ్యి వదలకుండా ఇంకోసారి "వస్తాను" అంది. ఈలోగా సిలిండర్ మార్చే మనిషి బండి తోసుకుంటూ వచ్చాడు. నేను తలుపు తెరిచి పట్టుకున్నాను.